తండ్రికి చదివిన కాగితం

అయినా ఎంతుంటుందని ఆ కాగితం? జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు. రెండు మడతలు వేస్తే చొక్కా జేబులో పడుతుంది. జేబులో పట్టేదాన్ని జేబులో పెట్టుకోక...

మాల్సున్ ఇస్త్రీపెట్టెను కాలరు మీద నుంచి భుజం మీదికి జరిపింది. కాదు, కాగితం సంగతి కాదు. ఇప్పుడు కోపం తెచ్చుకోవలసింది పంపుల గది తాళం మీద. నాలుగు రోజులుగా ఆమె దాని మీదే కోపం తెచ్చుకుంటోంది. ఆ కోపం పిలవగానే వస్తోంది, వచ్చి కావలసినంతసేపు కూర్చుంటోంది.

ఆదివారం కొండ అంటుకున్నప్పుడు సోల్‌తీ ఊరి ఆడవాళ్ళ దళం పదకొండు మంది ఎర్ర చొక్కాలు తగిలించుకుని అగ్నిమాపక దళం షెడ్డు దగ్గరికి పరుగెత్తారు. వీపుకి కట్టుకునే నీళ్ళ పంపులు లోపల వరసగా ఉన్నాయి. కిటికీలోంచి కనిపిస్తున్నాయి కూడా. తాళం మగవాళ్ళ దగ్గర ఉంది. ఫోన్ చేస్తే దళనాయకుడు, అంటే ఆమె మొగుడు తేసిక్, కొండ మీద నుంచి అరిచాడు. "మీకెందుకు పంపులు? అన్నం సంగతి చూడండి. రెండొందల ముద్దలు కావాలి ఇక్కడ!"

నాలుగొందల ముద్దలు చేశారు. మంట దిగొచ్చి బమ్‌గోల్ అవ్వ ఇంటి చూరు అందుకున్నప్పుడు ఆ పదకొండు మంది చేతుల్లో ఉన్నవి అన్నం గరిటెలు.

ఆ దృశ్యం గుర్తు చేసుకోగానే కోపం వచ్చింది, అనుకున్నట్టే. కానీ ఈసారి ఎక్కువసేపు నిలవలేదు. దాని వెనక ఇంకోటి నిలబడి ఉందని, దాన్ని చూడకుండా ఉండటానికే తాను తాళాన్ని అడ్డం పెట్టుకుంటున్నానని ఆమెకి ఇస్త్రీ బల్ల మీద వంగి ఉండగానే తెలిసింది. ఇలాంటివి తెలిసే వేళలు మనిషి ఎంచుకోడు.

"మడత సరిగ్గా రానీ," అన్నాడు తేసిక్, తింటూనే. "పదకొండింటికి ఫోటోలు తీస్తారు."

మండలాఫీసులో ఆయనకి ప్రశంసాపత్రం ఇస్తున్నారు. మూడు రోజులు కొండ దిగకుండా మంటతో పోరాడినందుకు. పోరాడిన మాట నిజమే. కనుబొమ్మలు కాలి ఉన్నాయి ఇంకా.

"తొమ్మిదిన్నరకి అటవీ ఆఫీసరు వస్తాడట," అంది మాల్సున్.

"వస్తాడు."

"అవ్వ చేత వేలిముద్ర వేయించుకోడానికి."

తేసిక్ సూప్ గిన్నెలో చెంచా తిప్పాడు. "ఆవిడే ఒప్పుకుంది కదా. నేనేమన్నా ఒప్పుకోమన్నానా?"

"ఎనభై ఒకటేళ్ళ మనిషండీ. ఎవరేమన్నా అవునంటుంది. నిన్న ఊరి హాల్లో సూప్‌లో ఉప్పెక్కువైందని ఎవరో అంటే, నేనే వేసుంటానంది. వంటింట్లోకే రాలేదు ఆవిడ."

"నువ్వుల కట్టె కాల్చిందా లేదా?"

"కాల్చింది. శనివారం పొద్దున. గట్టు కింద. మంట పుట్టింది పైన."

ఆయన చెంచా కింద పెట్టాడు.

"పైన పుట్టింది," అంది మళ్ళీ. గొంతు తగ్గించింది గాని ఆపలేదు. "మావయ్యగారి సమాధికి ఎడమ పక్కన పుట్టింది. పుట్టి కిందకి దిగింది. అందరికంటే ముందు అక్కడికి వెళ్ళింది మీరు. కింద నుంచి పైకి పాకిందని ఆఫీసరుకి చెప్పిందీ మీరే."

"పొగలో ఎవడికి తెలుసు ఏది కిందో ఏది పైనో!"

"మీకు తెలుసు. ఇరవై రెండేళ్ళ నుంచి దళంలో ఉన్నారు."

తేసిక్ గిన్నె పక్కకి నెట్టాడు. వీధిలో టీవీ వాళ్ళ బండి ఒకటి పోయింది. కాలిన కొండని చూడ్డానికి ఊళ్ళోకి ఇంకా బళ్ళు వస్తున్నాయి.

శనివారం హన్సిక్. సమాధుల దగ్గరికి వెళ్ళి, పోయినవాళ్ళకి రాసుకొచ్చిన కాగితం చదివి, అక్కడే కాల్చే రోజు. కొండ దారి మొదట్లో ఆరింటి నుంచి తేసిక్ ఎర్ర చొక్కా వేసుకుని నిలబడ్డాడు, మైకు పట్టుకుని. సమాధులకి వెళ్ళే ప్రతివాడి దగ్గరా లైటరు, అగ్గిపెట్టె అడిగి తీసుకుని బుట్టలో వేశాడు. బతిమాలినా వదల్లేదు. బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "మా అమ్మకి చదివిన కాగితం కాల్చకుండా ఎలా పోనయ్యా," అంటే, "చదవండి చాలు, మీ అమ్మకి చెవులుంటాయి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మాల్సున్ కూడా నవ్వింది. ఆ రోజు మొగుణ్ణి చూసి గర్వపడింది కూడా.

పదకొండింటికి తమ వంతు వచ్చింది, లైటర్ల బుట్ట కూడా వెంట తీసుకెళ్ళారు. మావయ్య సమాధి ముందు పళ్ళెం పెట్టి, కల్లు పోసి, తేసిక్ తండ్రికి కాగితం చదివాడు. గొంతు వణికింది. తమ్ముళ్ళిద్దరూ వెనక వంగి ఉన్నారు. చదవడం అయ్యాక ఆయన కాగితాన్ని రెండు వేళ్ళతో అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"వద్దండీ," అంది మాల్సున్, మెల్లగా.

"ఒక్క కాగితం. నాన్న పేరుంది దీని మీద. మడిచి జేబులో పెట్టుకోమంటావా? బట్టలతో పాటు ఉతుకుతావా?" తమ్ముళ్ళు నవ్వారు. "నేను దళనాయకుణ్ణి. నాకు తెలీదా మంట సంగతి? ఆ బుట్టలోంచి ఒకటియ్యి."

ఆమె బుట్టలోంచి ఒకటి తీసిచ్చింది. ఎవరిదో ఆకుపచ్చ లైటరు. పొద్దున్నించీ ఆయనే ఊరి వాళ్ళ దగ్గర లాక్కున్న ముప్ఫై ఏడు లైటర్లలో ఒకటి.

కాగితం చేతిలో ఉండగానే కాలి, చివరి ముక్క గాలికి లేచి ఎండుగడ్డిలో పడింది. అరచెయ్యంత మేర నల్లబడింది. ఆయన కాలితో తొక్కాడు. ఆమె కెటిల్‌లో మిగిలిన బియ్యపు కల్లు దాని మీద పోసింది. పోసి, "ఆరిపోయింది," అంది.

శిక్షణ మూడు గంటలు ఇచ్చారు ఆడవాళ్ళ దళానికి. అందులో ఆమెకి బాగా గుర్తున్నది ఒకటే. పైన్ చెట్ల కింద రాలిన సూదాకు మందంగా ఉంటుంది, నిప్పు దాని అడుగున రోజంతా పొగ లేకుండా బతుకుతుంది, అందుకని తవ్వి, మట్టి తిరగేసి, చెయ్యి వెనక వైపు ఆనించి చూడాలి. వేడి తగలకపోతేనే ఆరినట్టు. మంట ఆరిన కొండ మీద సోల్‌తీ దళం ప్రతి ఏడాదీ చేసే పని అదే. ఆ పని ఆమె ఊరివాళ్ళ గట్ల మీద వంద సార్లు చేసింది.

ఆ రోజు చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదా అని నాలుగు రోజులుగా తనకి తాను రకరకాలుగా చెప్పుకుంది. చేతికి అట్ల నూనె ఉందని. గిన్నెలు సర్దాలని. అసలు కారణం ఇస్త్రీ బల్ల మీద ఇప్పుడు కనిపించింది. మరుదుల ముందు మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తవ్వి చూస్తే, మొగుడు తప్పు చేశాడని నోటితో చెప్పినట్టే. ఆయన చదువుతుంటే గొంతు వణికింది ఇందాకే. ఆ గొంతుని పాడు చెయ్యడం ఇష్టం లేకపోయింది. ఒక్క గొంతు కోసం మూడు వందల ఎకరాలు.

"పొద్దున్నే ఏమిటా గోల?" అంటూ అత్తగారు గదిలోంచి వచ్చింది. గోడ పట్టుకుని కూర్చుంది. అన్నీ విన్నట్టే ఉంది. "వాళ్ళ నాన్నకి రాసిన కాగితం అది. కొడుకు తండ్రికి చేసే పని నేరమయితే ఇక ఈ ఇంట్లో ఎవడూ ఎవడికీ కొడుకు కాడు."

"కాగితం నేరమని కాదత్తయ్యా. ఆ నేరం అవ్వ నెత్తిన వేస్తున్నారు."

"వేస్తే? దానికి ఎవరున్నారని? కొడుకా, కోడలా? ఉద్యోగం పోవాలా, పరువు పోవాలా? ముసలిదాన్ని జైల్లో ఎవరు పెడతారు? మందలించి వదిలేస్తారు. వీడి సంగతలా కాదు. దళనాయకుడు! పోయేదంతా వీడికే. దానికి పోయేదేముంది?"

"ఇల్లు పోయింది."

"అదే చెప్తున్నా. ఇంకేం పోతుంది?"

మాల్సున్ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది. ఏదో అనబోయింది. కానీ అత్తగారి ముఖంలో దుర్మార్గం లేదు. కూరగాయలు బేరమాడుతున్నప్పుడు ఉండే ముఖమే ఉంది. ఆ ముఖం మీద ఎలా కోప్పడాలో తెలియలేదు. దాంతో ఒళ్ళంతా ఇంకా మండింది.

"కొండ దిగినప్పట్నించీ మీ అబ్బాయి ఆవిడ మొహం చూడలేదు. హాల్లోకి వస్తే ఆ మూల నుంచి కాకుండా ఈ మూల నుంచి వస్తున్నాడు. ఇవాళ సాక్షి సంతకం పెడతాడట ఆవిడ కాగితం మీద! హెచ్చరించానని! సిగ్గు లేకపోతే సరి."

"హెరిమ్ అమ్మా," అన్నాడు తేసిక్.

కూతురి పేరు పెట్టి పిలిస్తే కోపంగా లేడని అర్థం. అదే భయం వేసింది ఆమెకి.

"వెళ్ళి చెప్పు. నేనేం ఆపను. కానీ చెబితే మొత్తం చెప్పు. లైటరు ఎవరు తీసిచ్చారో చెప్పు. కల్లు ఎవరు పోశారో చెప్పు. 'ఆరిపోయింది' అన్నదెవరో చెప్పు. నేను తవ్వి చూసేవాణ్ణే. నువ్వు ఆరిపోయిందన్నావు, నేను నమ్మాను."

నమ్మాడా? నమ్మాడేమో. అదేనేమో అన్నిటికంటే దారుణం. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె చెప్పింది ఆయన విన్నది ఆ ఒక్క మాటేనేమో.

అత్తగారు కిమ్చీ పళ్ళెం మీద మూత పెట్టింది.  మాల్సున్ యూనిఫాం చొక్కాని హేంగరుకి తగిలించి, భుజాలు సరిచేసి, గుండీలు పెట్టింది. తన చేతుల్ని తానే చూసుకుంది. ఇంత జరిగాక కూడా అవి మడత వంకరపోనివ్వలేదు.

*

ఊరి హాల్లో ఆడవాళ్ళ దళం ఇంకా గిన్నెలు తోముతోంది. మంట ఆరి రెండు రోజులైనా ఇళ్ళు పోయిన నాలుగు కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి. మాల్సున్ చెప్పులు విప్పుతుండగానే ఒక్‌జిన్ కేకేసింది. దళంలో అందరికంటే చిన్నది, నోరు మాత్రం అందరికంటే పెద్దది.

"రా అక్కా! బావగారికి ప్రశంసాపత్రం ఇస్తున్నారటగా. మనకేమీ లేదా? బంగారు గరిటె అన్నా ఇవ్వమని చెప్పకపోయావా?"

"నువ్వు చెప్పు."

"చెప్తా. తాళం కూడా అడుగుతా, మెళ్ళో వేసుకు తిరుగుతా, బంగారు గొలుసులాగా." అందరూ నవ్వారు. ఒక్‌జిన్ గొంతు తగ్గించింది. "ఏమైంది? మొహం అలా ఉందేం?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే మీ ఇంటి నుంచి నవ్వుకుంటూ వచ్చేదానివి. ఎప్పుడొచ్చావు గనక!"

హాలు మధ్య పొడుగాటి బల్లల చుట్టూ జనం కూర్చుని తింటున్నారు. చివరి బల్ల దగ్గర ఒక్కర్తే కూర్చుంది బమ్‌గోల్ అవ్వ. పుట్టిల్లు బమ్‌గోల్ కాబట్టి అరవై ఏళ్ళుగా ఆ పేరే. అసలు పేరు ఆఫీసరు కాగితం మీద చూసేదాకా ఊళ్ళో సగం మందికి తెలియదు. ఆవిడ ముందు గిన్నె ఉంది, చెంచా ఉంది, పక్కన పది మంది పట్టేంత చోటుంది. పక్క బల్ల వాళ్ళు అటు వీపు పెట్టారు.

"గుప్పెడు కట్టె కాల్చుకోడానికి కొండంతా కావాల్సొచ్చింది," అన్నాడు ఒకాయన, వినపడేలా. ఆయన పుట్టగొడుగుల పైన్ తోట మొత్తం పోయింది. "ఇంకో ముప్ఫై ఏళ్ళ దాకా ఒక్క పుట్టగొడుగు మొలవదు. నేను పోయాక మొలుస్తుంది. నా సమాధి మీద."

ఎవరూ నవ్వలేదు. కాదనీ అనలేదు. మాల్సున్‌కి ఆ మనిషి మీద కోపం రావాలి. వచ్చింది కూడా. అయితే ఆయనకి తెలిసింది ఆయన అంటున్నాడు. తెలిసి నోరు మూసుకున్నది తను. ఎటు తిప్పినా కోపం మొన తన వైపే తిరుగుతోంది.

వెళ్ళి అవ్వ ఎదురుగా కూర్చుంది. నాలుగు రోజుల్లో ఆ బల్ల దగ్గర రెండో మనిషి కూర్చోవడం అదే మొదటిసారి. వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త తగ్గింది.

"నా జాడీలు చూశావా?" అంది అవ్వ. "సోయా జాడీలు. ఏడు. జాడీలు పగల్లేదట, లోపల పులుసు ఉడికిపోయిందట. ఉడికింది పనికొస్తుందంటావా?"

"రుచి చూస్తే తెలుస్తుంది అవ్వా."

"ఒక జాడీ మీకు ఇద్దామనుకున్నా. మీ అత్తకి ఇష్టం నా సోయా." అవ్వ చెంచాతో అన్నం నొక్కింది, తినలేదు. "ఆలోచిస్తున్నానే. కట్టె కాల్చాను. ఒక బిందె పోశాను. రెండో బిందె పోశానా లేదా అని. తెచ్చింది గుర్తుంది. పోసింది గుర్తు లేదు."

"పోశావు."

"నువ్వు చూశావా?"

"... లేదు."

"మరి పోశానని ఎలా చెప్తున్నావు?"

మాల్సున్ నోరు తెరిచింది. ఎదురుగా ఉన్న కళ్ళు తెల్లగా, తడిగా, ఏమీ అనుమానించకుండా చూస్తున్నాయి. జవాబు నాలుక మీదే ఉంది. నాలుక మీద ఉన్న మాట అక్కడే ఎండిపోవడం ఆమెకి స్పష్టంగా తెలుస్తోంది.

"పోసే ఉంటావు," అంది.

"చూశావా, నీకూ తెలీదు." అవ్వ తల పంకించింది. "ఊరంతా నేనే అంటోంది. ఊరంతా కలిసి అబద్ధమాడుతుందా? నేనే అయ్యుంటాను. ఒప్పుకుంటే కాస్త నిద్ర పడుతుంది. ఒప్పుకోకపోతే రెండో బిందె గుర్తుకు తెచ్చుకోవాలి."

*

ఆఫీసరు సరిగ్గా తొమ్మిదిన్నరకి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. చెప్పులు విప్పి, అందరికీ వంగి, అవ్వకి మరి కాస్త వంగి, బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతనూ నాలుగు రోజులుగా నిద్ర లేని మనిషే.

"అవ్వా, మీరు చెప్పింది రాసుకొచ్చాను. చదువుతాను. తప్పుంటే ఆపండి."

చదివాడు. "ఈ నెల అయిదో తారీకు పొద్దున నేను నా పొలం గట్టు దగ్గర నువ్వుల కట్టె కాల్చి, పూర్తిగా ఆర్పకుండా ఇంటికి వెళ్ళిపోయాను..." అవ్వ ప్రతి వాక్యానికీ తల ఊపుతోంది, గుడిలో ప్రార్థన వింటున్నట్టు. వెనక జనం చేరారు. తినడం ఆపారు. "...స్వచ్ఛంద అగ్నిమాపక దళం నాయకుడు నన్ను ముందే రెండుసార్లు హెచ్చరించినా నేను వినలేదు."

"రెండుసార్లా?" అంది అవ్వ.

"మైకులో చెప్పాం కదా అవ్వా," అన్న గొంతు గుమ్మంలోంచి వినిపించింది.

తేసిక్ యూనిఫాంలో ఉన్నాడు. మడతలు చక్కగా వచ్చాయి. ఈసారి దగ్గరి దారిలోనే వచ్చాడు, జనం దారి ఇచ్చారు గనక. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆపేశారు. పుట్టగొడుగుల ఆయన లేచి తేసిక్ చెయ్యి పట్టుకుని ఊపాడు. తేసిక్ చెయ్యి విడిపించుకుని ఆఫీసరు పక్కన కూర్చున్నాడు. మాల్సున్ వైపు చూడలేదు.

"మైకులో అందరికీ చెప్పారు," అంది ఒక్‌జిన్ వంటింటి గుమ్మంలోంచి. "నాకూ చెప్పారు. నన్నూ హెచ్చరించినట్టేనా?"

"నువ్వూరుకో," అన్నారెవరో.

ఆఫీసరు కాగితం తిప్పి పెట్టాడు. "సాక్షి ఇక్కడ."

తేసిక్ జేబులోంచి, సంతకానికి బదులు వేసే తన పేరు ముద్ర తీశాడు. ఎర్ర సిరా డబ్బా మూత తెరిచి అద్దాడు. కాగితం మీద తన పేరు పక్కన ఆనించి, నొక్కిపట్టి, ఎత్తాడు. చెయ్యి వణకలేదు. తండ్రికి చదివేటప్పుడు గొంతు అంతలా వణికిన మనిషి. మాల్సున్ దాన్నే చూస్తూ ఉండిపోయింది. చెయ్యి కాస్త వణికి ఉంటే తను ఇంకో రోజు ఊరుకునేదాన్నేనేమో అనిపించింది.

"పదకొండింటికి మండలాఫీసులో ఉండాలి," అన్నాడు తేసిక్ గడియారం చూసుకుంటూ. "తొందరగా కానిద్దాం."

సిరా డబ్బా అవ్వ ముందుకి జరిగింది.

"బొటనవేలు అవ్వా. ఇలా ఇవ్వండి." ఆఫీసరు రెండు చేతులతో, మర్యాదగా, ఆవిడ వేలు పట్టుకుని సిరాలో అద్దాడు. గోరు చుట్టూ, చర్మం ముడతల్లోకి ఎరుపు పాకింది.

మాల్సున్ కోపం కోసం చూసింది. ఇప్పుడు రావాలి, రాకపోతే ఇక ఎప్పటికి? రాలేదు. ఇన్ని రోజులు పిలవగానే వచ్చినది, తాళం మీద, అత్త మీద, ఊరి మీద ఎగిరెగిరి పడినది, అవసరమైన చోట కనిపించలేదు. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. చెప్పవలసిన వాక్యాలు వరసగా కడితే ఒక్కటీ నిలబడలేదు. ప్రతిదీ 'మా ఆయన' దగ్గర మొదలై 'నేను' దగ్గర ఆగిపోతోంది.

అవ్వ వేలు కాగితం మీదికి వెళుతోంది. అంగుళం దూరం ఉందేమో.

ఆమె చెయ్యి చాచి ఆ మణికట్టు పట్టుకుంది.

"ఏమండీ?" అన్నాడు ఆఫీసరు.

"హెరిమ్ అమ్మా!" అన్నాడు తేసిక్. ఈసారి ఆ పిలుపులో మెత్తదనం లేదు.

మాల్సున్ ఆ మణికట్టు వదల్లేదు. అవ్వ చేతిని తన ఒళ్ళోకి లాక్కుని, తాను వేసుకున్న దళం ఎర్ర చొక్కా చెయ్యి కిందికి లాగి, దాని అంచుతో బొటనవేలు తుడవడం మొదలుపెట్టింది.

"వదిలెయ్యవే," అంది అవ్వ కంగారుగా. "నీ చొక్కా పాడైపోతుంది."

ముడతల్లో దిగిన సిరా పొడిగుడ్డకి రాలేదు. మాల్సున్ చొక్కా అంచుని ఉమ్మితో తడుపుకుని, మళ్ళీ తుడిచింది.